పాసో ఓందోలో ఐదు వీధులకు నంబర్లు

నేను ఫ్యాన్లు బాగుచేస్తాను. కాలిపోయిన మోటారుకు మళ్ళీ వైండింగ్ చుట్టడం నా అసలు పని. రూటర్ల పని తర్వాత వచ్చి మీద పడింది. మా ఊరు పాసో ఓందోలో, నదికి ఇవతల ఉన్న లా లోమా వాడలో మొదట నాలుగు ఇళ్ళవాళ్ళు డాబాల మీదుగా కేబుల్ లాక్కుని కంప్యూటర్లలో డామినోలు ఆడుకునేవాళ్ళు. ఒకరోజు వాళ్ళ రూటర్ మొండికేసింది. వీధిలో స్క్రూడ్రైవర్ ఉన్న మనిషిని నేనే కనుక నా దగ్గరకు తెచ్చారు. లోపల చీమలు గూడు పెట్టాయి, దులిపి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఎవరికి కేబుల్ తెగినా, ఎవరి పెట్టెలో దీపం వెలగకపోయినా "ఇదాల్మిస్‌ని పిలవండి" అనడం అలవాటైపోయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి రెండు వీధులు, యాభై ఎనిమిది ఇళ్ళు నా నెత్తిన కూర్చున్నాయి.

దాంట్లో బయటి ప్రపంచం ఉండేది కాదు. ఇంటర్నెట్ కావాలంటే పార్కు బెంచీ మీద కూర్చుని, గంటసేపటి కార్డు కొని దాని వెనక నంబరు గీకి, ఆ గంట అయిపోయేలోపు మియామీలో ఉన్న మేనత్తతో అరిచి మాట్లాడుకోవాల్సిందే. మాది మాకు మాత్రమే. బేకరీలో రొట్టె వచ్చిందా, నీళ్ళు ఏ పూట వదులుతారు, ఎవరి దగ్గర కొత్త సినిమా ఉంది, డాక్టర్ యనీసే క్లినిక్‌లో ఉందా లేక కొండ మీద ఇళ్ళ వెంట తిరుగుతోందా, ఇవే మా వార్తలు. అవి చాలు.

నది అవతలి వాడ ఎల్ తెహార్. పాత పెంకుల బట్టీ దగ్గర వెలిసింది. అక్కడా ఇలాంటి నెట్‌వర్కే ఉండేది, మాకంటే పెద్దది, రెండు వీధుల్లో ఎనభై నాలుగు ఇళ్ళు. దాన్ని నడిపేది ఒలెగారియో మాస్టారు. మా ఊళ్ళో లెక్కలు వచ్చినవాళ్ళందరికీ ఆయనే నేర్పారు, రానివాళ్ళకూ ఆయనే నేర్పారు. నేను తొమ్మిదో తరగతిలో రెండో రకం. ఆయన నన్ను ఫెయిల్ చేసిన సంగతి ఇప్పటికీ రెండు ఒడ్డుల్లోనూ అందరికీ గుర్తుంది.

రెండు వాడల మధ్య ఒక నడక వంతెన ఉండేది. తుపానులో అది కొట్టుకుపోయి రెండేళ్ళయింది. లారీల వంతెన తొమ్మిది కిలోమీటర్లు దిగువన ఉంది. మిగిలింది చెంచో బాబాయ్ పడవ ఒక్కటే. క్లినిక్ మా ఒడ్డున ఉంది. తెహార్ వాళ్ళు జ్వరం పిల్లను భుజాన వేసుకుని పడవ కోసం గంట కాసి, నది దాటి, వీధి ఎక్కి వచ్చేసరికి తలుపుకు తాళం ఉండేది. డాక్టరు కొండ మీదకు వెళ్ళి ఉండేది. మళ్ళీ కిందికి దిగడం, మళ్ళీ పడవ కోసం కాయడం. వాడ మీటింగులో ఈ మాట రాని నెల లేదు. చివరికి ఒకరోజు యనీసే లేచి నన్నే చూస్తూ అడిగింది, రెండు నెట్‌వర్క్‌లూ కలిపేస్తే తెహార్ వాళ్ళు ఇంట్లో కూర్చునే తను క్లినిక్‌లో ఉందో లేదో తెలుసుకుంటారు కదా అని. అందరూ నా వైపు తిరిగారు. సరే అన్నాను. నా దగ్గర పాత యాంటెన్నాలు రెండు పడి ఉన్నాయి.

మొదటిసారి కలిపింది నేనే, చెడగొట్టిందీ నేనే. ఒక ఆదివారం పొద్దున మా డాబా మీద ఒక యాంటెన్నా, తెహార్‌లో బట్టీ పొగగొట్టం మీద ఒకటి బిగించి, ఎదురెదురుగా తిప్పి, చెరో పక్క కేబుల్ గుచ్చేశాం. పది నిమిషాల్లో రెండు ఒడ్డుల్లోనూ అంతా గందరగోళం. కారణం చాలా చిన్నది. రూటర్ పెట్టెలోంచి తీసేటప్పుడే దానికి కొన్ని నంబర్లు ఉంటాయి, 192.168.1తో మొదలయ్యేవి. వాటిని నేనూ మార్చలేదు, మాస్టారూ మార్చలేదు. అంటే నా దగ్గర 14వ నంబరు ఉంది, ఆయన దగ్గరా 14వ నంబరు ఉంది. నా 14 క్లినిక్ కంప్యూటరు. ఆయన 14 జామపండు మిఠాయి చేసి అమ్మే ఎనెయిదా వాళ్ళ ఇల్లు. మూడు రోజులుగా కడుపులో మంటగా ఉందని మా వీధి పెద్దాయన ఒకరు డాక్టరుకు రాసిన సందేశం సరాసరి ఎనెయిదా వంటింట్లో తేలింది. ఆమె మర్యాదస్తురాలు. కమోమిల్ పూలు మరిగించి తాగమని, రాత్రిపూట బీన్స్ మానమని జవాబు రాసింది. ఆయన అలాగే చేశాడు, తగ్గింది కూడా. కానీ యనీసేకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నానికి కేబుల్ పీకేశాం.

ఆ తర్వాత పది రోజులు ఫ్యాన్లు పక్కన పెట్టి ప్లాను గీశాను. ఈ నంబర్ల సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తాను. ప్రతి నంబరులోనూ ముందు భాగం వీధి, వెనక భాగం ఇల్లు. వీధి ఎక్కడ ఆగి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి పక్కన ఇంకో నంబరు ఉంటుంది, దాన్ని మాస్క్ అంటారు. ఒకే వీధిలో ఉన్న ఇళ్ళు ఒకదాన్నొకటి నేరుగా పలకరించుకుంటాయి. వేరే వీధికి మాట పోవాలంటే రూటర్ చేతికి ఇవ్వాలి. ఏ వీధికి ఏ దారిలో పోవాలో రూటర్‌లో మనమే ముందు రాసిపెట్టాలి. పోయే దారి ఈ ఒడ్డున రాయాలి, తిరిగొచ్చే దారి ఆ ఒడ్డున రాయాలి. అలా విడగొట్టిన ఒక్కో వీధినీ సబ్‌నెట్ అంటారు.

నా ప్లాను చాలా పొదుపైన ప్లాను. రెండు వందల యాభై ఆరు నంబర్లున్న ఒకే ఒక గుత్తిని తీసుకుని నాలుగు వీధులకు కోశాను. మా కొండ వీధిలో ఇరవై ఏడు ఇళ్ళు, దానికి ముప్పై రెండు నంబర్ల ముక్క. మొదటిదీ చివరిదీ వాడకూడదు కనుక ముప్పై మిగులుతాయి. స్కూలు వీధిలో ముప్పై ఒక్క ఇళ్ళు. ఒక్క ఇల్లు ఎక్కువైనందుకు అరవై నాలుగు ముక్క ఇవ్వాల్సి వచ్చింది, అప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. తెహార్ వీధులు రెండింటికీ చెరో అరవై నాలుగు. ఇంకా ముప్పై రెండు మిగిలాయి. శుభ్రంగా పెన్నుతో గీతలు కొట్టి, నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకుని రేవుకు దిగాను.

చెంచో బాబాయ్ తెడ్డు నీళ్ళలో పెట్టకముందే మొదలుపెట్టాడు.

"మాస్టారి దగ్గరికేనా? ఈసారైనా పాసవుతావంటావా?"

"నువ్వు పడవ నడుపు బాబాయ్."

"నడుపుతాలే. వచ్చేటప్పుడు ఏడిస్తే మాత్రం నీళ్ళు నువ్వే తోడాలి, ఇప్పటికే పడవలో చాలా ఉన్నాయి."

మాస్టారు బట్టీ వీధిలో పన్నెండో నంబరు ఇంట్లో ఒక్కరే ఉంటారు. పక్కింటి ఎనెయిదా పూటకింత అన్నం, బీన్స్ పంపుతుంది. ఆయన ముందుగా కాఫీ పెట్టి ఇచ్చారు. కాఫీ అయ్యేదాకా కాగితం సంగతి ఎత్తనివ్వలేదు. నేను కాగితం చాపితే చేతిలోకి తీసుకోకుండా, పైకి చదవమన్నారు. స్కూల్లోనూ అంతే, లెక్క పైకి చదివించేవారు. చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు. స్కూలు వీధిలో రెండో ఫోను కొన్న ఇంటికి ఏం చేస్తావని అడిగారు. ఇస్తాను, ముప్పై ఒకటి ఖాళీ ఉన్నాయన్నాను. కొండ వీధిలోనో అని అడిగారు. అక్కడ మూడే ఖాళీ.

"అమ్మాయ్, ఈ నంబర్లు నీకు ఎవరిస్తున్నారు?" అన్నారు.

"ఎవరివ్వడమేంటి మాస్టారూ, మనమే పెట్టుకుంటాం."

"మరి రేషన్ పుస్తకం మీద ఇస్తున్నట్టు ఆ కోతలేంటి? పదితో మొదలయ్యే నంబర్లు కోటీ అరవై ఏడు లక్షల డెబ్భై ఏడు వేల రెండు వందల పదహారు ఉన్నాయి. ఇంట్లో వాడుకునేవాళ్ళు ఎన్నైనా వాడుకోవచ్చు, అడిగే దిక్కు లేదు. నువ్వేమో సబ్బు ముక్క కోసినట్టు కోసుకొచ్చావు."

నాకు నవ్వు ఆగలేదు, ఆయన మాత్రం నవ్వలేదు. నేను పుట్టినప్పటి నుంచీ బియ్యం, నూనె, సబ్బు అన్నీ లెక్కపెట్టి తెచ్చుకున్న మనిషిని. ఊరికే దొరికే వస్తువు ఒకటుంటే దాన్ని విచ్చలవిడిగా వాడొచ్చని నాకు తట్టనే లేదు. అది ఒప్పుకుని, అయితే మొత్తం పదితో మొదలయ్యేవే పెట్టుకుందాం, మీ ఎనభై నాలుగు ఇళ్ళ నంబర్లూ మార్చాలి అన్నాను. అక్కడ ఆయన ముఖం మారిపోయింది.

తన ఒడ్డున ఒక్క నంబరూ మారదన్నారు. ఆయన పద్ధతి ఆయనకుంది. బట్టీ వీధిలో ఇంటి నంబరు ఏదో, చివరి నంబరూ అదే. రేవు వీధికి వంద కలుపుతారు. పన్నెండో ఇల్లంటే 12, రేవు వీధిలో పన్నెండంటే 112. ఎవరి మెషీన్ ఆగినా నిద్రలో లేపినా చెప్పగలరు. మీ వాళ్ళను మార్చుకో, యాభై ఎనిమిదే కదా అన్నారు. ఎంత నచ్చజెప్పినా కదల్లేదు. నేను అప్పటికి అది పంతమనే అనుకున్నాను. తను ఫెయిల్ చేసిన పిల్ల వచ్చి తన నంబర్లు మార్చమంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది మరి.

తిరుగు పడవలో నేను ఏడవలేదు. సగం దూరం వచ్చాక చెంచో బాబాయ్ తెడ్డు ఆపాడు. తనూ ఒక మాట చెప్పాలన్నాడు. బాబాయ్ ఉండేది చక్కెర మిల్లు వాళ్ళ పాత బరాకుల్లో, ఒకే గోడ పంచుకునే వరస గదుల్లో, తెహార్ చివర. పందొమ్మిది కుటుంబాలు. నెట్‌వర్క్‌లో కలుపుకోమని ఏడాదిపాటు మాస్టారిని అడిగారట. చోటు లేదన్నారట.

"చోటెందుకు లేదు?" అన్నాను.

"మా బరాకులన్నిటికీ కలిపి గోడ మీద ఒకటే నంబరుంది కదే, అరవై. ఆయన లెక్కలో అరవై అంటే ఒకటే ఇల్లు. మిగతా పద్దెనిమిది మందిని ఎక్కడ పెట్టాలో ఆయనకి అంతు చిక్కట్లేదు. పాపం, మాకు లేదని చెప్పినప్పుడల్లా ఆయన ముఖం చూడలేం. అందుకే ఇప్పుడు అడగడం మానేశాం."

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. ఇంటికి వచ్చి పాత కాగితం పొయ్యిలో వేసి కొత్తది మొదలుపెట్టాను. ఈసారి కోతలు లేవు. వీధికి రెండు వందల యాభై నాలుగు నంబర్లు, ఇరవై ఇళ్ళున్నా సరే. అన్నీ 10.4తో మొదలవుతాయి. నాలుగెందుకంటే ఏదో ఒకటి పెట్టాలి కనుక. మూడో స్థానంలో వీధి. మా కొండ వీధి 1, స్కూలు వీధి 2, తెహార్ బట్టీ వీధి 3, రేవు వీధి 4, బరాకులు 5. చివరి స్థానంలో ఇంటి నంబరు, ఉన్నది ఉన్నట్టుగానే. మాస్టారు వంద కలపక్కర్లేదు. వీధి రూటర్లకు అన్నిచోట్లా చివర 254, ఏ ఇంటికీ అడ్డు రాకుండా.

మూడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి చెంచో బాబాయ్ వెటకారాలు ఆడలేదు, త్వరత్వరగా దాటించాడు. మాస్టారు మళ్ళీ చదవమన్నారు. ఎనెయిదా వాళ్ళది 10.4.3.14 అని చదివాను. మీది 10.4.3.12. రేవు వీధిలో పన్నెండు, 10.4.4.12. బరాకుల్లో మొదటి గది 10.4.5.1, చివరి గది 10.4.5.19.

ఆయన బరాకుల నంబరు ఇంకోసారి చదవమన్నారు. చదివాను.

"పందొమ్మిదీ పట్టాయి," అన్నారు.

"ఇంకా రెండు వందలకు పైగా ఖాళీ మాస్టారూ."

"నది మీద లింకుకో?"

అది నేను ఇంకా రాయలేదు. ఆయన ఉత్సాహంగా కుర్చీ ముందుకు జరుపుకున్నారు. రెండు రూటర్ల మధ్య ఉండేది రెండే రెండు మెషీన్లు కనుక నాలుగు నంబర్ల ముక్క చాలన్నారు. మొదటిదీ చివరిదీ పోతే రెండు మిగులుతాయి, నీకొకటి, నాకొకటి, మాస్క్ చివర 252 అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. పొదుపు చేయాలనుంటే అక్కడ చెయ్యి, అక్కడ దానికో అర్థం ఉంది అని కూడా అన్నారు. ఆ పూట మేము ఇద్దరం ఎనెయిదా పంపిన చిలగడదుంపలు తింటూ, నాలుగు వీధుల రూటర్లలోనూ ఏ దారి రాయాలో వరస చెప్పుకున్నాం. నేను తప్పు చెప్తే ఆయన బల్ల మీద వేలితో కొట్టేవారు. తొమ్మిదో తరగతిలో ఆ చప్పుడంటే నాకు భయం. ఇప్పుడు బాగానే అనిపించింది. తన ఒడ్డున మార్చేందుకు ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు. తెహార్ రూటర్లు ఆయనే చేసుకుంటారు, నేను ముట్టుకోకూడదు.

శనివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. మా వైపు యాభై ఎనిమిది ఇళ్ళకూ ముందురోజే చీటీలు ఇచ్చాను. కొందరు మార్చుకున్నారు, కొందరు నేను వచ్చేదాకా చీటీ చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ప్రతి ఇంట్లో ఒక కాఫీ తాగాల్సి వచ్చి తొమ్మిదింటికల్లా ఎన్ని తాగానో లెక్క తప్పింది. పదిన్నరకు మా రెండు వీధులూ పలికాయి. పదకొండుకు అవతలి యాంటెన్నాతో లింకు దొరికింది. స్కూలు వీధి నుంచి మాస్టారికి సందేశం పంపాను. జవాబు వచ్చింది. స్కూలు ముందు చేరినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను గబగబా క్లినిక్‌కు ఎక్కి, యనీసే కంప్యూటర్ నుంచి పంపాను. ఏమీ రాలేదు.

క్లినిక్ కొండ వీధిలో ఉంది, అంటే ఒకటో నంబరు వీధి. రెండో వీధి నుంచి మాట పోతోంది, వస్తోంది. ఒకటో వీధి నుంచి పోతోంది, రావడం లేదు. నా రూటర్‌లో లెక్క చూస్తే క్లినిక్ నుంచి బయల్దేరినవన్నీ నది మీదకు వెళ్తున్నాయి, అటు నుంచి మాత్రం ఒక్కటీ లేదు. నా తప్పేనేమోనని మూడుసార్లు నా దారులన్నీ చదివాను. తర్వాత స్కూలు వీధికి దిగి మాస్టారికి రాశాను, మీ దగ్గర 10.4.1కు తిరుగు దారి ఉందా అని. ఉంది, సరిగ్గానే ఉంది అన్నారు. ఇంకోసారి చూడమన్నాను. చూశాను, 10.4.1, నది మీదుగా, నువ్వు చెప్పినట్టే ఉంది అన్నారు. మూడోసారి అడిగితే, నా మీద నమ్మకం లేదా అని వచ్చింది. యనీసే గుమ్మంలో నిలబడి ఏమైందని అడుగుతోంది. ఏమీ కాలేదని చెప్పి రేవుకు పరిగెత్తాను.

మాస్టారి గదిలో కిటికీ తలుపు సగం వేసి ఉంది. రూటర్ దారుల పట్టీ కంప్యూటర్ తెర మీద తెరిచే ఉంది. ఒక్క చూపుకే కనపడింది. 10.4.2, దాని పైన 10.4.7. మాకు ఏడో వీధి లేదు.

"మాస్టారూ, పై వరసలో ఏముంది?"

"10.4.1," అన్నారు, తెర దగ్గరకు వంగి. ముక్కు దాదాపు గాజుకు తగిలింది.

ఆయన ఇంకొంచెం వంగారు. తర్వాత వెనక్కి వాలారు.

"ఒకటి కాదా?"

"ఏడు మాస్టారూ. కీబోర్డు పక్కన అంకెల గళ్ళలో ఒకటికి రెండు గళ్ళ పైన ఏడుంటుంది, వేలు అక్కడికి జారినట్టుంది."

పక్కింట్లో ఎనెయిదా పెద్ద గరిటెతో మిఠాయి తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి ఆయనే చెప్పారు. రెండేళ్ళుగా పొర కమ్ముతోందట. మొదట కుడి కన్ను, తర్వాత ఎడమది. సందేశాల్లో మాటలైతే ముందూవెనకా చూసి పోల్చుకుంటారట, కానీ తెర మీద ఒకటీ ఏడూ ఆయనకు రెండూ పుల్లల్లాగే కనిపిస్తాయట. కాగితం మీద అక్షరాలైతే చీమల బారు.

"ఆ ఎనభై నాలుగు నంబర్లు నాకు కంఠతా వచ్చు ఇదాల్మిస్. చూడక్కర్లేదు. మార్చమంటే ఎందుకు మొరాయించానో ఇప్పుడు అర్థమైందా?"

"మరి నన్ను చదవమన్నది..."

"చదివించడం అలవాటనుకున్నావు. అనుకో, మంచిదే." తర్వాత గొంతు తగ్గించి, "వీధిలో చెప్పకు. లెక్కల మాస్టారికి అంకెలు కనపడట్లేదంటే ఎలా ఉంటుంది?" అన్నారు.

డాక్టరుకు చూపించుకున్నారా అని అడిగాను. చూపించుకోలేదు. క్లినిక్‌కు వెళ్ళాలంటే పడవ ఎక్కాలి, పడవ ఎక్కాలంటే తెహార్ మొత్తం గట్టున కూర్చుని చూస్తుంది. మెట్టు తడబడితే అందరికీ తెలిసిపోతుంది. ఆ భయంతో రెండేళ్ళుగా నది దాటలేదు.

నాకు జాలి వేయలేదు, నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. కంటిపొర తీయడం మా దేశంలో పెద్ద విషయం కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఆ కోపాన్ని ఎలా బయటపెట్టాలో తెలియక, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆ వరస చెరిపేయమన్నాను. నేను చదువుతాను, మీరు కొట్టండి అన్నాను. పది, చుక్క, నాలుగు, చుక్క, ఒకటి. ఆయన కొట్టిన ప్రతి అంకెనూ తెర మీద నుంచి నేను పైకి చదివాను. సేవ్ చేశారు. నది అవతల నుంచి క్లినిక్ పలికింది. గదిలో ఇద్దరమే ఉన్నాం కనుక చప్పట్లు లేవు. ఆయన మాత్రం రెండు చేతులూ మోకాళ్ళ మీద రుద్దుకున్నారు.

"మాస్టారూ, తెహార్ నుంచి డాక్టరుకు మొదటి సందేశం ఎవరో ఒకరు పంపాలి కదా," అన్నాను.

"ఎనెయిదాని పిలువు. ఆవిడకి వైద్యం కూడా వచ్చు."

"మీరే పంపండి. ఇది మన ఇద్దరికీ, డాక్టరుకూ మధ్యే. వీధికి పనిలేదు."

ఆయన నా వైపు చూశారు. ఎంత కనపడిందో నాకు తెలియదు. తర్వాత కీబోర్డు దగ్గరకు లాక్కుని, ఒక్కో అక్షరం వేలితో తడుముకుంటూ కొట్టారు. నేను సాయం చేయలేదు. కళ్ళు చూపించుకోవాలి, ఎప్పుడు రమ్మంటారు, ఒలెగారియో, 10.4.3.12. పేరు పక్కన నంబరు కూడా రాశారు, పరీక్ష కాగితం మీద రోల్ నంబరు రాసినట్టు.

యనీసే జవాబు నిమిషంలో వచ్చింది, ఆయనకు చదివి వినిపించాను. "మీరు రెండేళ్ళుగా మీ ఒడ్డున మెట్లు లెక్కపెట్టుకుంటూ నడవడం ఈ గట్టు మీద నుంచి చూస్తూనే ఉన్నాను మాస్టారూ. ఇవాళే రండి. భోజనం చేయకుండా కూర్చుంటాను."

మధ్యాహ్నం రెండింటికి మేమిద్దరం పడవ ఎక్కాం. గట్టు మీద నిజంగానే జనం ఉన్నారు, కానీ వాళ్ళు మమ్మల్ని చూడలేదు. అందరూ ఫోన్లలో తలలు పెట్టి అవతలి ఒడ్డున ఉన్న చుట్టాలకు రాసుకుంటున్నారు. చెంచో బాబాయ్ ఏమీ అడక్కుండా మాస్టారి చేయి పట్టుకుని దించాడు.

కుడి కంటికి ఆపరేషన్ జూన్‌లో చేశారు, ఎడమదానికి ఆగస్టులో, జిల్లా ఆసుపత్రిలో. ఈలోగా వారానికి మూడు మధ్యాహ్నాలు నేను తెహార్ వెళ్ళి ఆయన రూటర్లలో ఉన్నవి చదివి వినిపించేదాన్ని. అందుకు బదులుగా నాకు తొమ్మిదో తరగతిలో అర్థం కానివన్నీ మళ్ళీ చెప్పారు. ప్రతిసారీ రెండింతలవుతూ అంకెలు ఎలా నడుస్తాయో, మాస్క్ 252 అనే ఎందుకు వస్తుందో, 250 ఎందుకు రాదో అప్పుడు తెలిసింది. నేను అంతకుముందు గుడ్డిగా రాసేదాన్ని. ఇప్పుడు ఫ్యాను వైండింగ్ చుట్టేటప్పుడు కూడా మనసులో రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అనుకుంటూ చుడుతున్నాను.

తెహార్ వాళ్ళు ఇప్పుడు డాక్టరు ఉందని రూఢి చేసుకున్నాకే పడవ ఎక్కుతున్నారు. ఎనెయిదా దగ్గరకు పొరపాటున వెళ్ళే సందేశాలు ఆగిపోయాయి. అది ఆమెకు కొంచెం వెలితిగా ఉందట. అందుకని కడుపు నొప్పికి ఏం తాగాలో వారానికొకసారి తనే అందరికీ రాస్తోంది. యనీసే చదివి పళ్ళు కొరుకుతుంది కానీ, అందులో తప్పేమీ లేదని ఒప్పుకుంది.

బరాకులను సెప్టెంబర్ మొదటి ఆదివారం కలిపాం. మాస్టారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చారు. నా చేతిలో కాగితం లాక్కుని, పందొమ్మిది గదుల గుమ్మాల మీదా అంటించిన చీటీలు ఒక్కొక్కటే తనే పైకి చదివారు, ఎవరూ అడక్కపోయినా. రూటర్‌ను పాత మిల్లు ఆఫీసు గోడకు కొట్టాం. దారులు ఆయనే రాశారు, నేను వెనక నిలబడ్డాను, ఒక్కటీ తప్పు పోలేదు. మధ్యాహ్నానికి పందొమ్మిదీ పలికాయి. బరాకుల ఆడవాళ్ళు పెరట్లో బల్లలు వేసి పంది మాంసం, వేయించిన అరటికాయలు, వేళ్ళూ ఆకులూ మరిగించి పులియబెట్టిన ప్రూ సీసాల్లో చల్లగా పెట్టారు. చెంచో బాబాయ్ ఆ రోజు పడవ కట్టేశాడు. అవతలి ఒడ్డున ఇద్దరు ముగ్గురు కేకలు వేస్తే, తన కొత్త ఫోను పైకెత్తి చూపించి, ఏం కావాలో దీంట్లో రాయమని అరిచాడు. వాళ్ళు రాశారు. రేపు పొద్దున ఆరింటికి వస్తానని జవాబు కొట్టి, మాస్టారి పక్కన కూర్చుని డామినోలు కలపడం మొదలుపెట్టాడు.